చిన్న పేలోడ్‌కు డబ్బు ప్రభుత్వాన్ని అడగాలా, ప్రైవేటువాళ్ళనా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. మొదటిది: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుకు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లు అయింది, ప్రైవేటు కంపెనీలు రాకెట్లు అంత చవగ్గా చేస్తున్నప్పుడు ఇలాంటివాటికి జనం పన్నుల డబ్బు ఎందుకు, డబ్బున్నవాళ్ళకే వదిలేయొచ్చు కదా అని. రెండోది: మీ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక చిన్న ఎక్స్-రే డిటెక్టర్ పేలోడ్ (రాకెట్‌లోనో బెలూన్‌లోనో పైకి పంపే పరికరం) చేయాలనుకుంటున్నారు, ప్రభుత్వ గ్రాంటుకు అప్లై చేయాలా లేక ఏదైనా కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక సేవకు కంపెనీలు పక్కన పెట్టే డబ్బు) తలుపు తట్టాలా అని.

నేను చాలాకాలం ప్రభుత్వ పరిశోధన సంస్థల్లో డిటెక్టర్ ఎలక్ట్రానిక్స్ మీద పనిచేశాను. ఇప్పుడు ఒకటి రెండు చిన్న కంపెనీలకు సలహాలు ఇస్తుంటాను. రెండు రకాల డబ్బుతోనూ పనిచేసినవాడిగా చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: పెద్ద పరికరానికి, ముఖ్యంగా దాన్ని ఏళ్ళ తరబడి నడిపే ఖర్చుకు, ప్రభుత్వమే దిక్కు. ప్రైవేటు డబ్బు బాగా పనికొచ్చేది మొదట్లో, ఇంకా ఎవరికీ నమ్మకం కుదరని దశలో. మీ పేలోడ్‌కైతే కొనే సామానుకు గ్రాంటు అడగండి, పిల్లల స్టైపెండ్లకూ ప్రయాణాలకూ పూర్వ విద్యార్థులను అడగండి. సీఎస్ఆర్‌ను చివరికి పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. ప్రైవేటు కంపెనీ తయారు చేయడం వేరు, ప్రైవేటువాళ్ళు డబ్బు పెట్టడం వేరు. చర్చల్లో ఈ రెంటినీ కలిపేస్తుంటారు. స్పేస్‌ఎక్స్ ఈ స్థాయికి రావడం వెనక సొంత డబ్బూ తెగువా ఉన్నాయి, కాదనను. కానీ 2006లో నాసా ఇచ్చిన అభివృద్ధి ఒప్పందం, 2008 డిసెంబరులో ఇచ్చిన 160 కోట్ల డాలర్ల సరుకు రవాణా కాంట్రాక్టు లేకుండా ఆ కథ ఇలా నడిచేది కాదు. 2025 మార్చి 2న చంద్రుడి మీద చక్కగా నిలబడ్డ బ్లూ గోస్ట్ ల్యాండర్ ఫైర్‌ఫ్లై అనే ప్రైవేటు కంపెనీది. అందులో వెళ్ళిన 10 పరికరాలు నాసావి, వాటిని మోసుకెళ్ళినందుకు కిరాయి కట్టిందీ నాసాయే. ఆ మాటకొస్తే వెబ్ నిర్మాణంలో ప్రధాన కాంట్రాక్టరు కూడా నార్త్‌రాప్ గ్రమన్ అనే ప్రైవేటు కంపెనీయే.

ఖర్చు కట్టే పద్ధతి మాత్రం మారింది. వెబ్‌లాంటివాటికి అయినంత ఖర్చూ ప్రభుత్వమే కడుతుంది. చంద్రుడి మీదకు పంపే ల్యాండర్లకు ముందే ధర ఖాయం చేస్తారు, ఎక్కువైతే కంపెనీ నెత్తిన పడుతుంది. చవగ్గా ఉంటుంది గానీ రిస్కు ఎక్కువ. 2024 జనవరిలో ఆస్ట్రోబాటిక్ కంపెనీ వాళ్ళ పెరెగ్రిన్ ల్యాండర్ ఇంధనం కారిపోయి చంద్రుణ్ణి చేరనేలేదు, అందులోని పరికరాలూ పోయాయి. మళ్ళీ చేయగలిగిన చిన్న పరికరాలకు ఈ లెక్క సరిపోతుంది. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, రిపేరుకు మనిషి వెళ్ళలేని చోట, ఏ ఒక్కటి పనిచేయకపోయినా మొత్తం ప్రాజెక్టే పోయే భాగాలు 344 ఉన్న వెబ్‌కు సరిపోదు.

ఇక డబ్బు పెట్టడం సంగతి. రాకెట్‌కు కొనేవాళ్ళున్నారు, ఉపగ్రహ చిత్రాలకు కొనేవాళ్ళున్నారు. న్యూట్రాన్ నక్షత్రం ఎక్స్-రే స్పెక్ట్రమ్‌ను ఎవరు కొంటారు? అందుకే ఇక్కడ ప్రైవేటు పెట్టుబడి అనేది దాదాపు లేదు, ఉన్నది విరాళం. పెట్టుబడి పెట్టినవాడు తన డబ్బు చుట్టూ తిరుగుతాడు కాబట్టి పదేళ్ళయినా పట్టించుకుంటాడు. విరాళం ఇచ్చినవాడు ఇచ్చేసి వెళ్ళిపోతాడు, వెళ్ళిపోయే హక్కు ఆయనకుంది.

విరాళాలు చిన్నవేమీ కావు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు అమెరికా ఖగోళశాస్త్రం చాలావరకు ధనవంతుల డబ్బుతోనే నడిచింది. జేమ్స్ లిక్ 7 లక్షల డాలర్లు రాసిచ్చి పోతే 1888కల్లా 36 అంగుళాల టెలిస్కోపు నిలబడింది, ఆయన సమాధి కూడా దాని కిందే ఉంది. ఖగోళశాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ వాడిన 100 అంగుళాల టెలిస్కోపుకు అద్దం కొనిచ్చింది జాన్ హూకర్ అనే వ్యాపారి, అందుకే దానికి ఆయన పేరు. పాలోమార్‌లోని 200 అంగుళాల టెలిస్కోపుకు డబ్బు రాక్‌ఫెల్లర్ సంస్థ ఇచ్చింది. ఇప్పుడు గూగుల్ మాజీ అధిపతి ఎరిక్ ష్మిట్ దంపతులు హబుల్ అంతరిక్ష టెలిస్కోపు కంటే పెద్ద అద్దమున్న ఇంకో అంతరిక్ష టెలిస్కోపుకే డబ్బు పెడతామని ప్రకటించారు. చేస్తే సంతోషమే.

మన ఊళ్ళల్లో చూడండి, గుడి కట్టించడానికి, గోపురం లేపడానికి, శిలాఫలకం మీద పేరు వేయించుకోవడానికి దాతలు ముందుకొస్తారు. నిత్యం దీపంలో నూనె పోయించడానికి, పూజారికి నెల జీతం ఇవ్వడానికి ఎవరూ రారు. చివరికి ధూప దీప నైవేద్యాల పథకమని ప్రభుత్వమే పెట్టాల్సి వచ్చింది. టెలిస్కోపులకూ సరిగ్గా ఇదే కష్టం. అందుకే ఎవరైనా నాకు ప్రాజెక్టు ప్రతిపాదన పంపితే, కట్టే ఖర్చు పేజీ తిప్పేసి పదో ఏడు కరెంటు బిల్లు ఎవరు కడతారని చూస్తాను.

దీనికి అలెన్ టెలిస్కోప్ అర్రే అనే రేడియో డిష్‌ల సముదాయం కంటే మంచి ఉదాహరణ లేదు. మైక్రోసాఫ్ట్ స్థాపకుల్లో ఒకరైన పాల్ అలెన్ ఇచ్చిన డబ్బుతో ఉత్తర కాలిఫోర్నియాలో మొదలైంది. 350 డిష్‌లు అనుకున్నారు, 42 పెట్టారు. 2007లో పని మొదలైంది. 2011 ఏప్రిల్‌కల్లా నడపడానికి డబ్బుల్లేక మొత్తం నిద్రపుచ్చారు. డిష్‌లు బాగానే ఉన్నాయి, వాటిని చూసే మనుషులకు జీతాల్లేవు. జనం దగ్గర చందాలు పోగుచేస్తే 2 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి, ఆ ఏడాది డిసెంబరులో మళ్ళీ లేపారు. చందాలతో ఆరిన దీపాన్ని ఒకసారి వెలిగించొచ్చు. ప్రతి ఏడూ అలాగే అంటే ఎక్కడ కుదురుతుంది?

హవాయిలోని కెక్ టెలిస్కోపు విషయంలో మొదటినుంచే తెలివిగా ఆలోచించారు. 1985లో కెక్ ఫౌండేషన్ 7 కోట్ల డాలర్లు ఇచ్చింది. కట్టే బాధ్యత ప్రైవేటు విద్యాసంస్థ కాల్‌టెక్‌ది, ఏళ్ళ తరబడి నడిపే ఖర్చు కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయానిది అని ఒప్పందం రాసుకున్నారు. తరవాత నాసా కూడా వాటాదారైంది. 1993 నుంచి ఇప్పటిదాకా నడుస్తోందంటే అద్దం గొప్పదనం ఎంతో ఆ ఒప్పంద పత్రం గొప్పదనం కూడా అంతే అంటాను.

పోలిక కోసం, వెబ్‌ను నడపడానికే ఏటా 18 కోట్ల డాలర్లకు పైగా అవుతుంది. అది ఏటా తప్పకుండా ఇచ్చే దాత ఎవరున్నారు? ఇజ్రాయెల్ స్పేస్‌ఐఎల్ సంస్థ వాళ్ళ బెరెషీట్ ల్యాండర్ దాదాపు 10 కోట్ల డాలర్లతో, ఎక్కువభాగం విరాళాలతో తయారై 2019 ఏప్రిల్ 11న చంద్రుడి మీద కూలింది. రెండోది చేస్తామన్నారు గానీ 2023లో పెద్ద దాతలు తప్పుకోవడంతో ఆగిపోయింది. దాతల్ని తప్పుపట్టలేం. కూలినదాని మీద మళ్ళీ డబ్బు పెట్టే ఓపిక సంస్థలకుంటుంది, మనుషులకు ఉండకపోవచ్చు. మన చంద్రయాన్-2 ల్యాండర్ 2019 సెప్టెంబరులో కూలితే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. ఆ మధ్య నాలుగేళ్ళు జీతాలు ఆగలేదు, ల్యాబులు మూతపడలేదు. ప్రభుత్వ డబ్బంటే అసలు అర్థం అదే.

తెలుగువాళ్ళకు ఇందులో సొంత చరిత్రే ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో సొంత ఇంటి దగ్గర అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు నడిపారు, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కడినుంచి పరిశీలించారు. ఆ తరమూ వెళ్ళిపోయాక కుటుంబం దాన్ని సర్కారుకు అప్పగించింది, కొన్నాళ్ళకే పని ఆగిపోయింది. హైదరాబాదులో నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండునుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి పెట్టారు. 1907లో ఆయన పోయారు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, అదే నిజామియా అబ్జర్వేటరీ, తరవాత ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని వాటాలేసుకుని ఫొటోలు తీసిన నక్షత్రపటం పనిలో హైదరాబాదు తన వాటా పూర్తిచేసి 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు లెక్కగట్టింది. దశాబ్దాలు పట్టే చాకిరీ అది, ఏ నవాబూ ఒక్కడి సరదాతో చేయించలేడు. కానీ ఆ మొదటి టెలిస్కోపు నవాబు తేకపోతే నిజాం ప్రభుత్వం అలాంటి పనిలోకి దిగేదా? నాకు అనుమానమే.

ఆ తరవాతా ఇదే వరస. టీఐఎఫ్ఆర్ (టాటా మౌలిక పరిశోధన సంస్థ) 1945లో దొరాబ్జీ టాటా ట్రస్టు డబ్బుతో పుట్టి, తరవాత అణుశక్తి శాఖ కిందికి వచ్చింది. విక్రమ్ సారాభాయ్ 1947లో అహ్మదాబాదులో పీఆర్ఎల్ (భౌతిక పరిశోధనశాల) మొదలుపెట్టింది కుటుంబ ట్రస్టు, స్థానిక విద్యాసంస్థ అండతో. ఇప్పుడది అంతరిక్ష శాఖది. మొదటి అడుగు ప్రైవేటు జేబులోంచి పడటం మన దేశానికి కొత్తేమీ కాదు.

ప్రైవేటు డబ్బు చేయగల అసలు మేలు ఇక్కడే. చిలీలో 2025 జూన్‌లో మొదటి చిత్రాలు విడుదల చేసిన వెరా రూబిన్ అబ్జర్వేటరీ చూడండి. దాని 8.4 మీటర్ల అద్దం పోత పోయడం 2008లోనే మొదలైంది. అమెరికా ప్రభుత్వం నిర్మాణానికి అనుమతి ఇచ్చింది 2014లో. ఆ మధ్య ఆరేళ్ళు పని ఆగకుండా ఉందంటే సాఫ్ట్‌వేర్ రంగంలో సంపాదించిన చార్ల్స్ సిమోనీ ఇచ్చిన 2 కోట్ల డాలర్లు, బిల్ గేట్స్ ఇచ్చిన కోటి డాలర్లు పెద్ద కారణం. మొత్తం ఖర్చులో అది చిన్న వాటా. కానీ అద్దం లాంటివి ఆర్డరిస్తే ఏళ్ళు పడతాయి, ఆమోదం రాకముందు ప్రభుత్వం ఆర్డరివ్వలేదు. దాత ఇవ్వగలడు.

దీనికి తిరగేసిన కథ బీ612 ఫౌండేషన్‌ది. భూమికి దగ్గరగా వచ్చే గ్రహశకలాలను వెతకడానికి సెంటినెల్ అనే అంతరిక్ష టెలిస్కోపును పూర్తిగా విరాళాలతో పంపుతామని 2012లో ప్రకటించారు. కావాల్సింది 45 కోట్ల డాలర్లు, వచ్చింది అందులో చాలా కొద్ది. 2015లో ఆ ఫౌండేషన్‌తో ఉన్న ఒప్పందాన్ని నాసా రద్దు చేసుకుంది, తరవాత ఆ ప్రయత్నమే విరమించారు. అదే పనికి ఇప్పుడు నాసా సొంత డబ్బుతో నియో సర్వేయర్ తయారు చేస్తోంది. మాజీ వ్యోమగాములు, పేరున్న శాస్త్రవేత్తలు అడిగినా రాని డబ్బు మన కాలేజీ లెటర్‌హెడ్‌కు వస్తుందనుకోవద్దు.

ఇంతవరకు చదివి ప్రభుత్వ డబ్బంటే నాకు మహా ప్రేమ అనుకోకండి. దాని బాధలు పడ్డవాణ్ణి. మార్చి 31 లోపు ఖర్చు కాకపోతే వెనక్కి పోతుంది. పోయిన ఏడాది డబ్బు ఎలా ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వెళ్ళకపోతే ఈ ఏడాది విడత రాదు. టెండర్లో ఎల్1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాడికే ఇవ్వాలి. అంతరిక్షంలో వాడే కనెక్టరుకూ బజార్లో దొరికే కనెక్టరుకూ పైకి తేడా కనబడదు. శూన్యంలో పెట్టినప్పుడు ప్లాస్టిక్ నుంచి ఆవిర్లు వచ్చి డిటెక్టర్ మీద పేరుకుంటాయని కొనుగోలు కమిటీలోని అకౌంట్స్ మనిషికి చెప్పి ఒప్పించడానికి నాకు ప్రతిసారీ తల ప్రాణం తోకకొచ్చేది. 2022 జూలైలో పరిశోధన సామాను మీద ఉన్న 5 శాతం రాయితీ జీఎస్టీ రేటు తీసేశారు, చాలావాటికి 18 శాతమైంది. అప్పటికే మంజూరైన గ్రాంటులు పెరగవు కదా, మా చుట్టుపక్కల ఎంతమంది స్పేర్ బోర్డులు తగ్గించుకున్నారో. 2025 జూన్‌లో నిబంధనలు కొంత సడలించారు, పరిశోధన సంస్థల డైరెక్టర్లు ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటు జెమ్ పోర్టల్ బయట కూడా సామాను కొనొచ్చన్నారు. ఆలస్యమైనా మంచి పని.

ప్రభుత్వాలు కూడా దీపానికి నూనె మానేస్తాయి. 1999 నుంచి అంతరిక్షంలో పనిచేస్తున్న చంద్ర అనే ఎక్స్-రే టెలిస్కోపుకు ఏటా దాదాపు 7 కోట్ల డాలర్లు ఇచ్చేది నాసా, 2025 బడ్జెట్లో 4 కోట్ల చిల్లరకు తగ్గిస్తామన్నారు. 2026కి మొత్తం సైన్సు విభాగాన్నే దాదాపు సగానికి కోస్తామని వైట్‌హౌస్ ప్రతిపాదించింది. పోర్టోరికోలోని ఆరెసిబో రేడియో టెలిస్కోపు 305 మీటర్ల డిష్‌కు ఏళ్ళ తరబడి నిధులు తగ్గిస్తూ వచ్చారు, 2020 డిసెంబరు 1న కూలింది. కేబుల్ సాకెట్లలో బలహీనత, మరియా తుపాను దెబ్బ కూడా ఉన్నాయి కాబట్టి డబ్బొక్కటే కారణమనను. తేడా ఏమిటంటే, ప్రభుత్వం కోత పెడితే పార్లమెంటులో అడగొచ్చు, పేపర్లో రాయొచ్చు. దాత మానుకుంటే ఎవర్ని అడుగుతాం?

ప్రైవేటు డబ్బుతో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక కంపెనీ చిన్న డిటెక్టర్ పేలోడ్‌కు రెండు విడతల్లో డబ్బిస్తామంది. మొదటి విడత వారంలో వచ్చింది, టెండరూ లేదు, ఆడిటూ లేదు, ఎంత హాయిగా పనిచేశామో. కొన్ని నెలలకు వాళ్ళ వార్షికోత్సవం నాటికి ఫ్లైట్ మోడల్, అంటే నిజంగా పైకి పంపే పరికరం, చూపించాలన్నారు. థర్మోవాక్ టెస్టు తప్పదా, తరవాత చేసుకోకూడదా అని అడిగారు. శూన్యంలో వేడికీ చలికీ తిప్పి చూడకుండా పైకి పంపడమంటే అదృష్టాన్ని నమ్ముకోవడమేనని చెప్పాం, అర్థం చేసుకున్నారు కూడా. తీరా మరుసటి ఏడాది వాళ్ళ వ్యాపారం దెబ్బతింది. రెండో విడత రాలేదు. చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ దగ్గర లేదంతే. మిగతా పని మా సంస్థ సొంత నిధులతో పూర్తిచేసింది. మీ కాలేజీకి అలాంటి సొంత నిధులున్నాయా? ముందు ప్రిన్సిపాల్‌ను అది అడగండి.

సీఎస్ఆర్ చివరికి పెట్టుకోమన్నది కూడా ఇందుకే. చట్టం ప్రకారం సైన్సు పరిశోధనకు సీఎస్ఆర్ ఇవ్వొచ్చు, కానీ ఆ జాబితాలో ఉన్నవి ఎక్కువగా ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాజెక్టులు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, జాతీయ ల్యాబులు. మీది ప్రైవేటు కాలేజీ అయితే అక్కడే చిక్కు. పైగా వాళ్ళ ఫారంలో లబ్ధిదారులు ఎంతమంది, ఏ గ్రామాలవాళ్ళు అని ఉంటుంది. ఎక్స్-రే డిటెక్టర్‌కు లబ్ధిదారులెవరని రాస్తారు?

పూర్వ విద్యార్థుల సంగతి మాత్రం ఊరికే అనలేదు. లద్దాఖ్‌లోని హాన్లేలో 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఉంది. ఐఐటీ బొంబాయి, భారత ఖగోళ భౌతిక సంస్థ కలిసి ప్రధానంగా ప్రభుత్వ నిధులతో పెట్టాయి. దాన్ని నడిపే ఖర్చులో కొంత ఐఐటీ బొంబాయి 1994 బ్యాచ్ భరించింది. పేరు చెక్కించుకునే అద్దానికి కాదు, నడిపే ఖర్చుకు ఇచ్చారు! ఇలాంటి దాతలు అరుదు. చదువుకున్న చోటి మీద అభిమానం ఉన్నవాళ్ళలోనే దొరుకుతారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆర్బిట్‌లోకి ప్రయాణం గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. పీఎస్ఎల్‌వీ నాలుగో దశను పని అయిపోయాక పోయమ్ అనే వేదికగా వాడుతున్నారు. 2024 డిసెంబరు 30న వెళ్ళిన పోయమ్-4లో 24 పేలోడ్లుంటే, 10 ఇస్రో బయటివాళ్ళవి, కాలేజీలవీ స్టార్టప్‌లవీ. దారి ఇన్-స్పేస్ ద్వారా, ఇస్రో బయటివాళ్ళకు అంతరిక్ష అనుమతులు ఇచ్చే ప్రభుత్వ సంస్థ అది. కానీ దానికంటే ముందు హైదరాబాదులోనే టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం ఉంది, సీదా అక్కడికి రాయండి. 35-40 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళితే గట్టి ఎక్స్-రేలు, అంటే ఎక్కువ శక్తి ఉన్నవి, కనబడతాయి, పేలోడ్ తిరిగి చేతికొస్తుంది, ఏం చెడిందో విప్పి చూసుకోవచ్చు. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఏదో వింత వస్తువు పడిందని వార్తలొచ్చాయి, గుర్తుందా? అది స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్ అనే ప్రైవేటు కంపెనీ క్యాప్సూల్, ఈ ప్రభుత్వ కేంద్రం బెలూన్‌తోనే పరీక్షించుకుంది. విదేశీ కంపెనీ వాడుకుంటున్నది మన కాలేజీ వాడుకోకపోవడం ఏమిటి?

గ్రాంటుకు, విద్యాసంస్థల పరిశోధనకు డబ్బిచ్చే ఇస్రో రెస్పాండ్ పథకం ఒకటి, కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ ఇంకోటి. ఇస్రో సెంటర్లో గానీ టీఐఎఫ్ఆర్‌లో గానీ ఒక శాస్త్రవేత్తను సహ పరిశోధకుడిగా పెట్టుకుంటే సగం పని అయినట్టే. పరికరాల పద్దులో సామానుతో పాటు జీఎస్టీ, కస్టమ్స్, టెస్టు ఛార్జీలు, ఒక స్పేర్ సెట్టు కలిపి రాయండి, తరవాత అడిగితే ఇవ్వరు. మంజూరు తేదీకి, డబ్బు చేతికొచ్చే తేదీకి మధ్య నెలలు పడతాయి. మీ బీటెక్ పిల్లలు ఈలోపు పాసై వెళ్ళిపోతారు, కనుక కనీసం ఒక ఎంటెక్ లేదా పీహెచ్‌డీ విద్యార్థిని మొదటినుంచీ పెట్టుకోండి. ఆ అమ్మాయికో అబ్బాయికో స్టైపెండ్ మధ్యలో ఆగితే ప్రాజెక్టు ఆగినట్టే, పూర్వ విద్యార్థుల డబ్బు అక్కడ వాడండి.

మీరు వాడాలనుకుంటున్నది సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టరా, కాడ్మియం టెల్యూరైడా, లేక సింటిలేటర్ మీద సిలికాన్ ఫొటోమల్టిప్లయరా? బరువు, కరెంటు వాడకం ఎంత అనుకుంటున్నారు? డ్రిఫ్ట్ డిటెక్టర్ అయితే తక్కువ శక్తి ఎక్స్-రేల కోసం, అవి బెలూన్ ఎత్తుదాకా దిగిరావు కాబట్టి బెలూన్ పెద్దగా ఉపయోగపడదు, పైన చెప్పిన దారి మార్చాల్సి ఉంటుంది. ఆ వివరాలు రాస్తే ఏ పద్దు కింద ఎంత అడగాలో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.